అంటు కట్టిన మోకాలు

మా నవ్య ఆడే ఆటల్లో ఒకదాని పేరు 'సుసన్నా టీచర్ ఆట'. మంచం మీంచి దూకుతుంది, కింద పడుతుంది, ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుంటుంది. ఏడవదు. అరచేత్తో గచ్చు మీద టపటపా కొట్టి, లేచి మళ్ళీ మంచం ఎక్కుతుంది. దానికి ఐదేళ్ళు. ఆ ఆట మానిపించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. కింద బొంత పరిస్తే, "టీచర్ బొంత మీద పడలేదు" అని బొంతని అవతలికి లాగేసింది.

సుసన్నా టీచర్ అలా పడింది మా ఇంటి ఎదురుగా ఉన్న గ్రౌండులో, బోర్డు కింది సిమెంటు గచ్చు మీద, పోయిన అక్టోబరులో. మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి బంతి పట్టుకుని ఎగరబోయింది. నవ్యా నేనూ మా గుమ్మంలోంచి చూస్తున్నాం. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నిజానికి ఆ రోజు ఆమె మోకాలికి ఏమీ కాలేదు. ఏమీ కాకుండానే పడిపోయింది. గచ్చుని కొట్టింది అందుకే.

సుసన్నా మా నవ్య చదివే స్కూల్లో ఆటల టీచరు. మనిషి పొడగరి. స్కూలు వదిలాక పిల్లలు ఆమె చెయ్యి పట్టుకుని ఊడల్లా వేలాడుతుంటారు. మోకాలికి దెబ్బ తగలక ముందు నాలుగేళ్ళ పాటు జిల్లా బాస్కెట్‌బాల్ జట్టులో ఆడింది. గురి చూసి వేసే పని ఆమెది కాదు. రింగుకి తగిలి బయటికొచ్చే బంతిని అందరికన్నా ముందు, అందరికన్నా పైన అందుకోవడం ఆమె పని.

ఆ పని ఆమెకు మామిడితోటల్లో అబ్బింది. వాళ్ళ నాన్న విక్టర్ మైలవరం రోడ్డులో ఉన్న నర్సరీలో అంటు కడతాడు. వేసవిలో నర్సరీ పని తగ్గితే రెడ్డిగూడెం వైపు తోటల్లో కాయ కోతకు వెళ్తాడు. పొడుగాటి గెడ చివర వల సంచి కట్టి ఉంటుంది, దాన్ని చిక్కం అంటారు. కాయని చిక్కంలోకి తెంపి దించాలి. చిక్కానికి అందకుండా జారి నేల తగిలిందంటే అది దెబ్బకాయ. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం నల్లబడిపోతుంది. దాన్ని పెట్టెలో పెట్టరు. చిన్నప్పుడు సుసన్నా చెట్టు కింద నిలబడి, జారిన కాయ నేల తగలకుండా గాల్లోనే పట్టేసేది. కొమ్మ కదలడం చూసి కాయ ఎటు పడుతుందో కనిపెట్టేది. హైస్కూలు పీఈటీ కిషోర్ బాబు గారు ఆమెకు ఆట నేర్పారు. ఆయన్ని అడిగితే, "నేను నేర్పిందేం లేదండీ, మామిడికాయ తీసేసి బంతి ఇచ్చాను, అంతే" అంటారు.

ఆ బంతి కోసమే ఎగిరి, దిగేటప్పుడు కాలు మెలిపడింది. రాష్ట్ర పోటీల్లో, నిరుటి ముందటి డిసెంబరులో. "ఎవరో ప్లాస్టిక్ గ్లాసు తొక్కినట్టు టప్‌మని వినపడిందక్కా. ఎవరిదబ్బా అనుకున్నా" అని నాతో చెప్పింది.

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాళ్ళమ్మ కరుణమ్మ ఆదివారం చర్చిలో నిలబడి, దేవుడు కాపాడాడని సాక్ష్యం కూడా చెప్పింది. ఎముక విరగలేదు కాబట్టి మిగిలింది నరం. మన మాటల్లో రక్తం పారేదీ నరమే, నొప్పి మోసేదీ నరమే, కండని ఎముకకు కట్టేదీ నరమే, ఎముకని ఎముకకు కట్టేదీ నరమే. నరం మెలిపడింది అన్నారు. నరాలు లాగే మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నూనె రాసి, తెగిపోయిన లిగమెంటున్న మోకాలిని వారాల తరబడి లాగాడు. వాపు తగ్గింది. అందరూ సంతోషించారు. చివరికి ఒక రోజు బస్టాండు దగ్గర ఆటో దిగుతుంటే మోకాలు పక్కకి జారిపోయింది. అప్పుడు విజయవాడ తీసుకెళ్ళారు.

వెంట నన్ను రమ్మని విక్టర్ అడిగాడు. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ప్రతి ఏడూ బైపీసీ పిల్లల్ని అంటు కట్టడం చూపించడానికి ఆయన దగ్గరికే తీసుకెళ్తాను. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, దాన్ని చీల్చి, చిన్నరసం మామిడి పుల్లని మేకులా చెక్కి ఆ చీలికలోకి దించి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టేస్తాడు. పిల్లలు ఫోన్లు తీసేలోపు అయిపోతుంది. "అంకుల్, వీడియో రాలేదు, మళ్ళీ కట్టండి" అంటే, "నేనేమన్నా డాన్సు చేస్తున్నానా, మళ్ళీ చెయ్యడానికి?" అని విసుక్కుంటాడు.

"మీరుంటే డాక్టరు చెప్పేది అర్థమవుద్ది మేడం గారూ. మాకు అన్నిటికీ తల ఊపటం తప్ప ఏం తెలవదు" అన్నాడు. వెళ్ళాను.

డాక్టరు గారు కుర్రవాడు, ఓపికగా, సగం ఇంగ్లీషులో చెప్పాడు. లోపలి లిగమెంటు పూర్తిగా తెగింది, అది దానంతటది అతకదు, ఆ అమ్మాయి తొడ వెనక నుంచే సన్నటి తాడులాంటిది తీసి, ఆ చోట గ్రాఫ్ట్ వేస్తాం.

నేను తెలుగులోకి మార్చేలోపే విక్టర్ కుర్చీలో ముందుకి జరిగాడు. "గ్రాఫ్టా? గ్రాఫ్టంటే అంటు కట్టటమే కదండీ?"

ఉద్యానవన శాఖ వాళ్ళ శిక్షణల్లో ఆ మాట ఆయన వెయ్యిసార్లు విని ఉంటాడు. డాక్టరు నవ్వాడు. "అంతే, అంతే. అంటు కట్టినట్టే."

"పుల్ల కూడా దీని ఒంట్లోదేనా?"

"ఆమెదే."

"అయితే అతుకు బాగా పడుద్ది" అన్నాడు విక్టర్ నిబ్బరంగా. ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టాక ఆయన మొహంలో భయం పోవడం అదే మొదటిసారి. సుసన్నా కూడా నవ్వింది. "పోనీలే నాన్నా, నీకొచ్చిన పనే" అంది.

డాక్టరు సరదాకి అన్న ఆ 'అంతే అంతే' ఆ ఇంట్లో చట్టమైపోతుందని మాకెవరికీ తట్టలేదు.

ఆపరేషన్ ఫిబ్రవరిలో అయింది. పడకలో ఉన్న కూతురి దగ్గర కూర్చుని విక్టర్ మొదటి రోజే చెప్పేశాడట. అంటు మొక్కకి మూడేళ్ళు కాపు ఉండకూడదు. నాటిన ఏడాదే పూత వస్తుంది, వచ్చిన పూతని వచ్చినట్టు తుంచెయ్యాలి. ఆశపడి వదిలేస్తే కాయ బరువుకి అతుకు దగ్గర చీలుద్ది. అంచేత మూడు పూతలు పోయేదాకా గ్రౌండు ఊసెత్తొద్దు.

"డాక్టరు ఏడాదన్నాడు నాన్నా."

"ఆయనకి తొందర. ఆయనేం తోట పెంచుతాడా?"

ఇంక ఆ ఏడాదంతా ఆ ఇంట్లో పచ్చి అన్న మాట తప్ప నేను వేరే మాట వినలేదు. మెట్లెక్కితే, "మెల్లిగా, పచ్చిగా ఉంది." బిందె ఎత్తితే, "దించు, పచ్చిగా ఉంది." వారానికోసారి బస్సులో విజయవాడ వెళ్ళి ఫిజియోథెరపీ చేయించుకుని వచ్చేది. అక్కడ వాళ్ళు కాలు మడవమంటారు, బరువు పెట్టమంటారు. ఇంటికొస్తే వాళ్ళ నాన్న కాలు ఎత్తు మీద పెట్టి కూర్చోమంటాడు. కుడి తొడలో సగానికి చిక్కిపోయింది ఎడమ తొడ. స్కూల్లో కుర్చీ వేసుకుని విజిల్ ఊదేది. ఎగరడం ఎలాగో చూపించమని పిల్లలు అడిగితే నోటితో చెప్పేది. "ఏంటి టీచర్, మీరు ఆటల టీచరా, కూర్చునే టీచరా?" అని మూడో తరగతి పిల్లాడొకడు అడిగాడట. అది నాతో చెబుతూ నవ్వింది కానీ, ఆ వారం విజయవాడకి రెండుసార్లు వెళ్ళింది.

నాకూ విసుగొచ్చింది. ఎవరి మీదో తెలియని విసుగు. ఈ ఆపరేషన్ల గురించి దొరికిన పరిశోధనలన్నీ చదివాను. ఆటలకి తిరిగి వెళ్ళినవాళ్ళెందరు, మళ్ళీ తెగినవాళ్ళెందరు, తెగకపోయినా మునుపటిలా ఆడలేకపోయినవాళ్ళెందరు. చదివేకొద్దీ నవ్యని మంచం ఎక్కనివ్వడానికి కూడా భయం వేసింది. సుసన్నాకి మాత్రం ధైర్యం చెప్పాను. నవ్యని వద్దన్నదీ, ఆమెకు పరవాలేదన్నదీ ఒకే నోటితో.

ఒకసారి నర్సరీలో కూర్చోబెట్టి విక్టర్‌కి శాస్త్రం చెప్పబోయాను. "మొక్కలో అంటు వేరు విక్టర్ గారూ. మీ పుల్ల బతికుండగానే కింది మొక్కతో కలిసిపోతుంది. మోకాల్లో అలా కాదు. ఆ తాడు ముందు చచ్చిపోతుంది. తర్వాత చుట్టుపక్కల నుంచి రక్తం వచ్చి, మెల్లిగా దానికి మళ్ళీ జీవం పోస్తుంది. అది వేరే పద్ధతి. దానికి మూడేళ్ళ లెక్క పనికిరాదు."

ఆయన చేతిలోని కత్తి ఆపి శ్రద్ధగా విన్నాడు.

"ముందు చచ్చిపోద్దా?"

"అవును, కానీ..."

"చచ్చి బతికేదానికి మూడేళ్ళేం చాల్తయ్యి మేడం గారూ!" అన్నాడు.

ఆ సాయంత్రం సుసన్నా నాకు ఫోన్ చేసింది. "ఏం చెప్పావక్కా మా నాన్నకి? ఐదేళ్ళంటున్నాడు!"

ఎన్నేళ్ళయినా ఆగడానికి ఆమెకు వ్యవధి లేదు. అదే అసలు సంగతి. ఆమెకిప్పుడు ఇరవై ఆరు. కింద నుంచి పదిహేడేళ్ళ పిల్లలు వస్తున్నారు. ఒక ఏడాది దెబ్బ తగిలి మానేసిందంటే సరే, రెండో ఏడాది కూడా కనిపించకపోతే పేరు మర్చిపోతారని కిషోర్ బాబు గారే అన్నారు. జనవరిలో మైలవరంలో జిల్లా జట్టు ఎంపిక. దానికి వెళ్ళాలి, జట్టులో ఉండాలి, మళ్ళీ ఒక్క మ్యాచ్ మొత్తం ఆడాలి. ఆమెకు కావలసింది అంతే.

అక్టోబరులో ఫిజియో వాళ్ళు బంతి పట్టుకోవచ్చన్నారు. మొదటి రోజు పడిపోయిన సంగతి చెప్పాను కదా. తర్వాత పడలేదు. పరిగెత్తేది, చటుక్కున పక్కకి మళ్ళేది, రింగులో వేసేది. రెండు కాళ్ళతో చిన్నగా గెంతేది. కానీ ఎడమ కాలు ఊని ఒంటికాలి మీద పైకి లేవాల్సి వచ్చేసరికి, అడుగు ముందే ఆగిపోయేది. పాత స్నేహితురాలు రమ్య రోజూ వచ్చి ఆమెతో ఆడేది. రమ్య నోటికి అడ్డు లేదు.

"ఏమే ముసలమ్మా, ఎగరమంటే వంగుతావేంటే? రూపాయి పడిందా?"

"మూసుకుని బంతెయ్."

"వేస్తా గానీ, నువ్వు పట్టే ఎత్తులో మా అమ్మ కూడా పట్టుద్ది."

సుసన్నా బంతిని ఆమె వీపుకేసి కొట్టేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత సుసన్నా బోర్డు కింద ఒక్కతీ నిలబడి, రింగు వైపు చూస్తూ ఉండేది. ఫిజియో పరీక్షల్లో కాలికి బలం వచ్చింది. కాగితాల ప్రకారం ఎగరొచ్చు. మోకాలు సరేనంటోంది, మనిషే ఒప్పుకోవడం లేదు.

డిసెంబరు చివర్లో ఒక రోజు నేను నర్సరీకి వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళకి గొడవ జరుగుతోంది. నర్సరీ వెనక పోయినేడు నాటిన అంటు మొక్కలు నడుమెత్తు పెరిగి, పూత మీదున్నాయి. విక్టర్ ఒక్కో మొక్క దగ్గర వంగి లేత పూతకంకులు గోటితో తుంచి కింద పడేస్తున్నాడు. సుసన్నా స్కూలు ట్రాక్‌సూట్‌లోనే వెనకాల తిరుగుతోంది.

"వచ్చే నెల సెలక్షన్. నువ్వు ఊ అన్నా వెళ్తా, ఉహూ అన్నా వెళ్తా."

"మొదటి పూతకే ఎగురుతానంటే ఎట్టా?"

"నేను మొక్కని కాదు నాన్నా!"

"మొక్కైతే మాట వినేది" అన్నాడు ఆయన తల ఎత్తకుండా, ఇంకో పూతకంకి తుంచుతూ.

నాకు నవ్వొచ్చింది. సుసన్నా మొహం చూసి ఆపుకున్నాను. "చూడక్కా, చూడు. నా కళ్ళ ముందే తుంచుతాడు" అని కాలితో మట్టిని తన్నింది. ఎడమ కాలితో. విక్టర్ చటుక్కున తలెత్తి ఆ కాలి వైపే చూశాడు.

ఎంపిక ఆదివారం పడింది. రమ్యా సుసన్నా పొద్దున్నే వెళ్ళారు. నవ్య ఏడ్చి గోల పెడితే దాన్ని తీసుకుని నేనూ బస్సెక్కాను. విక్టర్ రానన్నాడు. "నేను చూళ్ళేను, మీరు పొండి."

మైలవరంలో ఒక కాలేజీ గ్రౌండు. వచ్చిన అమ్మాయిల్ని రెండు జట్లుగా చేసి ఆడిస్తున్నారు. మన వైపు అమ్మాయిల్ని దించేది, మార్చేది కిషోర్ బాబు గారు. టేబుల్ దగ్గర ముగ్గురు పెద్దలు కూర్చుని చూస్తున్నారు. సుసన్నా బూట్లు కట్టుకుని, మోకాలికి నల్ల పట్టీ వేసుకుని సిద్ధంగా ఉంది. మొదటి ఆట మొదలైంది. ఆమెని పిలవలేదు. అలసిపోయిన ఒకమ్మాయి బయటికొచ్చింది. ఆమె బదులు వేరే పిల్లని పంపారు. రెండో ఆటలోనూ అంతే. సుసన్నా లేచి ఆయన పక్కన నిలబడింది. కూర్చోమన్నారు. కూర్చుంది. మళ్ళీ లేచింది.

మా వెనక కంచెకి ఆనుకుని ఇద్దరు మగవాళ్ళు చూస్తున్నారు. "ఆ పొడుగమ్మాయి బాగా ఆడేదే. దించట్లేదేం?"

"మోకాలు పోయింది గదా. దెబ్బకాయని పెట్టెలో ఎవడు పెడతాడు?"

నవ్య వెనక్కి తిరిగి, "మా టీచర్ కాయ కాదు" అంది గట్టిగా. వాళ్ళు నవ్వారు. నేను దాని నోరు మూసి ముందుకి తిప్పాను. సుసన్నా విందో లేదో తెలియదు. ఆమె అప్పటికే కిషోర్ బాబు గారి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"సార్, నన్నెందుకు దించట్లేదు?"

"చూద్దాంలేమ్మా, ఆఖర్లో."

"ఆఖరంటే ఎప్పుడు సార్, బస్సెక్కాకా?"

ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకున్నారు, విప్పారు. "మీ నాన్న వచ్చాడమ్మా ఇంటికి. ఇంకా పచ్చిగా ఉంది, ఈ ఏడాదికి ఎలాగోలా కూర్చోబెట్టండి సార్ అన్నాడు. పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనేం చెయ్యను? రేపు ఏదన్నా అయితే నా పీకకి చుట్టుకుంటది."

సుసన్నా మోకాలి పట్టీ లాగి బిగించుకుంది. తర్వాత గొంతు పెంచకుండానే అంది: "మోకాలు నాది సార్. ఏదన్నా అయితే మా నాన్న పీకకీ కాదు, మీ పీకకీ కాదు. నాకే అవుద్ది. దించండి."

టేబుల్ దగ్గరి పెద్దలు ఇటు చూస్తున్నారు. ఆయన విజిల్ ఊది, రమ్య పక్కన ఆడుతున్న పిల్లని బయటికి పిలిచారు.

ఆమె ఆడింది. బంతిని కాపాడుకుంది, పాసులిచ్చింది, రెండుసార్లు రింగులో వేసింది. రమ్య అరుస్తూనే ఉంది, "అదే, అదే, రా!" నా పక్కన నవ్య గెంతుతోంది. దాని గౌను వెనక నుంచి పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఎదుటి జట్టు అమ్మాయి వేసిన బంతి రింగు అంచుకి తగిలి పైకి లేచింది.

అది సుసన్నా బంతి. ఆట తెలియని నాకే తెలిసింది. అందరికన్నా ముందు ఆమె కళ్ళు దాన్ని పట్టుకున్నాయి. ఎటు పడుతుందో చూసి, సరిగ్గా అక్కడికే వెళ్ళింది. రమ్య పక్కకి తప్పుకుని చోటిచ్చింది. సుసన్నా చేతులు పైకి లేచాయి, మోకాళ్ళు వంగాయి. పాదాలు మాత్రం నేల వదల్లేదు. బంతి ఆమె వేళ్ళ మీంచి దాటి, ముందు నేల తగిలింది.

అంతలో కంచె అవతల నుంచి ఒక గొంతు వినపడింది.

"ఎగరవేమే! ఎగురు!"

విక్టర్. ఎప్పుడొచ్చాడో ఏమో, కంచె తీగని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు జారి కింద పడింది. "నీ కాయే గదే అది! ఎగరవేం!"

ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ అందరూ అటు తిరిగారు. కొందరు నవ్వారు. సుసన్నా తిరగలేదు. మిగిలిన ఆటంతా పరిగెత్తింది, మరి బోర్డు కిందికి వెళ్ళలేదు. మధ్యాహ్నం పేర్లు చదివారు. రమ్య ఉంది. సుసన్నా లేదు.

"వచ్చే ఏడు చూద్దామమ్మా" అన్నారు కిషోర్ బాబు గారు.

"పిలుస్తారా సార్?"

ఆయన మంచి మనిషి, అబద్ధం ఆడలేదు. "చెప్పలేను."

గేటు బయట చెరకు రసం బండి దగ్గర విక్టర్ నిలబడి ఉన్నాడు, అందరికీ రసం చెప్పి. సుసన్నా గ్లాసు తీసుకోలేదు.

"ఎగరనివ్వద్దని సార్‌కి చెప్పొచ్చింది నువ్వు. ఎగరవేం అని ఊరంతా వినేట్టు అరిచింది కూడా నువ్వే. ఏం మనిషివి నాన్నా నువ్వు?"

"అంటు పచ్చిగా ఉందని చెప్పా. అంతేగా?"

"అంటు పచ్చిగా లేదు. డాక్టరు చూశాడు, ఫిజియో చూసింది, అది గట్టిపడింది. పొద్దున లేస్తే పచ్చిగా ఉంది, పచ్చిగా ఉంది అని ఏడాది నుంచి చెవిలో పోస్తున్నావు. ఆ మాట కాలికి ఎక్కదా? బంతి నా నెత్తి మీదికొచ్చింది. నాకేం వినపడిందో తెలుసా? నువ్వే. 'పచ్చిగా ఉంది' అని."

విక్టర్ ఏదో అనబోయి నా వైపు చూశాడు. ఆయన చేతిలో రెండు గ్లాసులున్నాయి. ఒకటి నవ్యకిచ్చాడు. రెండోది పట్టుకునే ఉన్నాడు, బస్సు వచ్చేదాకా.

తిరుగు బస్సులో తండ్రీ కూతుళ్ళు చెరో చోట కూర్చున్నారు. సుసన్నా కిటికీ పక్కన, ఆయన డ్రైవరు వెనక సీట్లో. రమ్య తన సంతోషాన్ని దాచుకోలేక, చూపించలేక, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సుసన్నా గ్రౌండుకి రాలేదు. స్కూల్లో కనిపించినా తప్పించుకుని వెళ్ళేది. వాళ్ళింట్లో తండ్రీ కూతుళ్ళు కరుణమ్మ ద్వారానే మాట్లాడుకుంటున్నారని తెలిసింది. "నీళ్ళు పెట్టమని మీ నాన్నకి చెప్పు అంటుంది, ఆయన ఎదురుగానే ఉంటాడు. నా ప్రాణానికొచ్చింది మేడం గారూ" అని కరుణమ్మ వాపోయింది.

మొన్న సాయంత్రం నవ్య గుమ్మంలోంచి అరిచింది. "అమ్మా! టీచర్ వచ్చింది! కర్ర తాత కూడా!"

బయటికొచ్చి చూశాను. బోర్డుకి కొంచెం పక్కగా విక్టర్ నిలబడి, చిక్కం గెడని రెండు చేతులా నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు. చివరనున్న వల సంచి రింగు కన్నా కాస్త కిందుగా గాలికి ఊగుతోంది. సుసన్నా దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, ఎడమ కాలు ఊని, చిక్కం అంచుని అందుకోబోయింది. అందలేదు. నేల నుంచి జానెడు లేచిందేమో, అంతే. దిగేటప్పుడు తడబడి రెండడుగులు వేసింది. విక్టర్ చేతుల్లో గెడ ఒక్కసారి పక్కకి వాలింది. అయినా 'పచ్చి' అన్న మాట ఆయన నోట రాలేదు. పెదాలు బిగించుకుని ఉన్నాడు.

ఆమె వెనక్కి నడిచింది. మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ అందలేదు. ఆమె అటు తిరిగి నడుస్తున్నప్పుడు విక్టర్ గెడని నెమ్మదిగా, ఎవరూ చూడట్లేదనుకుని, కొంచెం కిందికి జార్చాడు.

సుసన్నా వెనక్కి తిరిగి ఆగిపోయింది.

"దించావు."

"లేదే."

"దించావు నాన్నా."

"చెయ్యి లాగుతుందే అమ్మాయ్, కాస్త..."

"చెయ్యి లాగితే ఇంటికి పో, రమ్యని పిలుచుకుంటా. నేను దించమన్నానా?"

"దించలేదన్నానా!"

"తాతా, దించావు, నేను చూశాను" అని నవ్య గేటు ఎక్కి అరిచింది.

విక్టర్ నవ్యని, నన్ను, కూతుర్ని వంతులవారీగా కోపంగా చూశాడు. తర్వాత గెడని మళ్ళీ పైకెత్తాడు. ఈసారి మునుపటి కన్నా జానెడు ఎక్కువే ఎత్తాడు, కసి కొద్దీ. సుసన్నా ఆ ఎత్తు చూసి ఏదో గొణుక్కుంది, తిట్టే అయి ఉంటుంది. పట్టీ సరి చేసుకుని, గీత దగ్గరికి వెళ్ళి నిలబడింది.

నవ్యని గేటు మీంచి దింపబోయాను. దిగనంది. దాని నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. పైన చిక్కం ఖాళీగా ఊగుతోంది. సుసన్నా పరుగు మొదలుపెట్టింది.